గుత్తదారు గుమ్మంలో విరిగిన ఇరుసు

రండి, దగ్గరగా జరిగి, స్వామిని తలుచుకుని వినండి.

పూర్వం ఒక రాజ్యంలో కమ్మరి చేసిన బండి ఇరుసులను, రాజు దగ్గర అమ్మకం హక్కు పొందిన గుత్తదారు కామేశం కొట్లోనే కొనాలి. నేరుగా కమ్మరి గడప తొక్కితే బండి జప్తు. బండి తోలుకుని బతికే ఎర్నమ్మ అక్కడ కొన్న ఇరుసు వారానికే విరిగింది. దాన్ని భుజానేసుకెళ్లి, బండివాళ్లూ రాజభటుడూ చూస్తుండగా ఆయన గుమ్మంలో పడేసింది.

"అతికివ్వండి బాబూ."

"అతకడం నాకేం తెలుసే? కమ్మరి దగ్గరికి పో!"

"వెళితే బండి జప్తు కదా?"

"నేను పొమ్మంటుంటే ఆపేదెవడు? విరిగితే పూచీ వాడిదే!"

"పూచీ ఆయనదైతే మీ దగ్గర కొనడమెందుకు? పదండర్రా, దారి గుత్తదారుగారే చూపించారు!"

బండ్లన్నీ కొలిమివైపు తిరిగాయి. అంతా చెవులారా విన్న భటుడు పక్కకు తప్పుకున్నాడు.

తల్లులారా, విరిగిన సరుకును ఎర్నమ్మ అమ్మినవాడి గుమ్మానికే మోసుకెళ్లింది. అది గుర్తుంచుకోండి, పదిమందికీ చెప్పండి.