దీవులకు వెళ్ళే నెల

భీమిలిలో మాణిక్యాంబగారి దగ్గర వేదాంత పాఠానికి వెళ్ళేవాళ్ళందరికీ రెండు సంగతులు తెలుసు. మూడింటికి తలుపు గడియ పడిందంటే ఐదింటిదాకా సాక్షాత్తూ దేవుడొచ్చి కొట్టినా ఆవిడ తీయరు. ఇక ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు వాళ్ళ చేతిలో ఏదో ఒక పని పెడతారు. చింతపండులో గింజలు తీయమంటారు, వత్తులు చేయమంటారు, ఏమీ లేకపోతే చిక్కుపడ్డ దారం ఇచ్చి విప్పమంటారు. చేతులు ఖాళీగా ఉంటే నోరు ఊరికే అబద్ధాలాడుతుందని ఆవిడ నమ్మకం. జవాబు మాత్రం తిన్నగా చెప్పిన పాపాన పోలేదు. పదేళ్ళుగా వింటున్నవాళ్ళు కూడా ఆవిడ ఫలానా మాట బోధించారని గట్టిగా చెప్పలేరు.

ఆషాఢంలో ఒక బుధవారం. అల్పపీడనం మూడు రోజులుగా సముద్రం మీద తిష్ఠ వేసి కదలనంటోంది. ఆ రోజు పాఠానికి ఎల్లాజీ ఒక్కడే వచ్చాడు. గొడుగు, దాని కింద రెయిన్ కోటు, ప్లాస్టిక్ సంచిలో ఒక పొడి చొక్కా, అన్నీ సిద్ధం చేసుకుని మరీ వచ్చాడు. అందులో వింతేమీ లేదు. మైలపల్లి ఎల్లాజీ ముప్పై నాలుగేళ్ళు వాతావరణ ఆఫీసులో వానలు కొలిచి రిటైరైన మనిషి. తడవడమంటే అతనికి తన ఉద్యోగానికే అవమానం జరిగినట్టుంటుంది.

పుట్టింది మాత్రం జాలరిపేటలో. తల్లి చిన్నప్పుడే పోతే అక్క పోలమ్మ నెత్తిన చేపల గంప పెట్టుకుని ఊరూరూ తిరిగి అతన్ని చదివించింది. అతనికి ఉద్యోగం వచ్చిన ఏడే ఆవిడ మొగుడితో అండమాన్లకు వెళ్ళిపోయింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి మళ్ళీ చిన్న లాంచీ ఎక్కి పోవలసిన ఒక దీవిలో ఇల్లు కట్టుకుంది. ఇప్పుడావిడకి డెబ్బై నాలుగు.

ఎల్లాజీ ప్రశ్న ఆ రోజు వేదాంతం చొక్కా తొడుక్కుని వచ్చింది.

"అమ్మా, కాలంలో మంచి కాలం, చెడ్డ కాలం అని నిజంగా ఉన్నాయా? లేకపోతే అవి మనసు కల్పించుకున్నవేనా?"

మాణిక్యాంబగారు వంటింట్లోకి వెళ్ళి ఇంత లావు మునగాకు కట్ట తెచ్చి అతని ముందు పడేశారు.

"దుయ్యి" అన్నారు.

నాలుగు రెబ్బలు దూసేసరికి చొక్కా ఊడిపోయి అసలు ప్రశ్న బయటపడింది. "మరేం లేదమ్మా. మా అక్కని చూడ్డానికి దీవులకి వెళ్ళాలి. ఏ నెల మంచిదో తేలడం లేదు."

"ఎన్నాళ్ళుగా తేలడం లేదు?"

"తొమ్మిదేళ్ళుగా."

ఆవిడ కూడా ఒక రెబ్బ తీసుకుని దూయడం మొదలుపెట్టారు. అది చెప్పమన్నట్టో ఆపమన్నట్టో తెలియక ఎల్లాజీ తన సంచిలోంచి ఒక నోటు పుస్తకం తీశాడు. దానికి అట్ట వేసి, అట్ట మీద ప్లాస్టిక్ కాగితం వేసి ఉంది. ఎడమ పేజీల్లో దీవుల వాతావరణం నెలనెలా రాసుకున్నాడు. మేలో మూడో వారానికే అక్కడ ముసురు పడుతుంది. సెప్టెంబరు దాకా లాంచీలు నడుస్తాయో లేదో పొద్దున లేచి చూస్తేగానీ తెలియదు. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. డిసెంబరులో వానలు పూర్తిగా పోవు. జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి గానీ దేశం నలుమూలల నుంచీ యాత్రికులు ఎగబడతారు, ఓడలో చోటు దొరకదు. మార్చి ఫరవాలేదు. ఏప్రిల్లో ఉక్క. ఇదంతా అతను వార్తలు చదివినట్టు చదివాడు. నిజం చెప్పొద్దూ, అంత శ్రద్ధగా రాసుకున్న పుస్తకం ఏ ఓడ కెప్టెన్ దగ్గరా ఉండదు.

"కుడివైపు ఏముంది?" అని అడిగారు ఆవిడ.

ఎల్లాజీ నవ్వాడు. "అది మా అక్క చెప్పిన వాతావరణమమ్మా. ఫోన్ చేసినప్పుడల్లా ఎప్పుడు రమ్మంటావే అని అడుగుతాను. ఏం చెప్పిందో తారీఖు వేసి రాసుకుంటాను. ఒకదానికీ ఒకదానికీ పొంతనుండదు."

"చదువు, వింటాను."

చదివాడు. ఒక జూలైలో ఫోన్ చేస్తే పోలమ్మ అంది: "ఇప్పుడే వచ్చీరా ఒరే! వానకి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, అందరూ ఇంట్లోనే ఉన్నారు." ఒక అక్టోబరులో అంది: "ఇప్పుడే రారా. గాలికి కొబ్బరికాయలు వాటంతటవే రాలతన్నాయి, చెట్టెక్కే పని నేదు." ఒక ఏప్రిల్లో: "ఒరే, ఇప్పుడొచ్చీ. ఎండకి చేప బాగా ఎండతంది, నీకు నచ్చిన సావిడాయి చేపలు పక్కన పెట్టాను." ఒక ఫిబ్రవరిలో: "ఇంకెప్పుడొస్తావురా, ఇప్పుడే రా. సముద్రం పళ్ళెంలో నీళ్ళలాగ ఉంది."

"ఆ ఫిబ్రవరిలో ఎందుకు వెళ్ళలేదు?"

"మార్చి చూద్దామనుకున్నానమ్మా. రద్దీ తగ్గుతుందని."

"ఊఁ."

"చూశారా, నడి తుఫాన్ల కాలంలో రమ్మంటుంది! ఆవిడకి అన్ని నెలలూ ఒకటే." ఎల్లాజీ ఆకులు పక్కకి నెట్టి పేజీ తిప్పాడు. అతని ముఖం వెలిగింది. "కానీ ఇన్నాళ్ళకి అర్థమైందమ్మా అక్కకి. మొన్న ఆదివారం చేస్తే సరిగ్గా చెప్పింది. 'నీకు వీలైనప్పుడు రా నాయనా. జనవరిలో బాగుంటాదంట. వచ్చినోళ్ళందరూ అప్పుడే వస్తారు.' అంతే. ఇదిగో, కింద గీత కూడా గీశాను."

మాణిక్యాంబగారి చేతిలో రెబ్బ ఆగింది. "మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాడు. ఇంకొంచెం సంతోషంగానే చదివాడు.

అప్పుడే తలుపు కొట్టిన చప్పుడైంది. గోడ గడియారంలో నాలుగు కూడా కాలేదు. ఎల్లాజీ కదల్లేదు, ఆ ఇంటి పద్ధతి తెలిసినవాడు కదా. మళ్ళీ కొట్టారు. బయటి నుంచి ఒక ముసలి గొంతు, "మాణీ! నేనేనే, అచ్చియ్యమ్మని" అంది.

మాణిక్యాంబగారు లేచిన వేగానికి ఒళ్ళోని మునగాకంతా నేలపాలైంది. వెళ్ళి గడియ తీశారు. గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. చీర మోకాళ్ళదాకా బురద, తలలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, గొడుగు ఊచలు విరిగి వెనక్కి తిరిగిపోయింది.

"బుద్ధుందటే నీకు!" అని అరిచారు మాణిక్యాంబగారు. ఇన్నాళ్ళలో ఆవిడ గొంతు అంత పైకి లేవగా ఎల్లాజీ వినలేదు. "ఇది రావలసిన రోజేనా? కాకి కూడా గూట్లోంచి బయటికి రాలేదు. అనకాపల్లి నుంచి ఈ వానలో ఊరేగుతూ వస్తావా?"

"పాఠం వేళని తెలుసు. తలుపు తియ్యవనుకున్నాను."

"తియ్యను. ఎవరికీ తియ్యను. లోపలికి తగలడు."

దండెం మీది తువ్వాలు లాగి, ఆవిడని పీట మీద కూలేసి, "తల వంచు" అన్నారు. వంచింది. ఆ నెరిసిన జుట్టుని మాణిక్యాంబగారు రెండు చేతులా పట్టుకుని చిన్నపిల్లకి తుడిచినట్టు బరబరా తుడిచారు. తుడుస్తున్నంతసేపూ తిడుతూనే ఉన్నారు. అచ్చియ్యమ్మ తువ్వాలు కింద కిసకిసా నవ్వుతోంది. ఇద్దరూ బళ్ళో ఒకే బల్ల మీద కూచున్నవాళ్ళట.

"ముందు ఫోన్ చేసి, ఎప్పుడు రమ్మంటావో అడుగుదామనుకున్నానే" అంది తువ్వాలులోంచి.

"అడిగితే ఏం చెప్పేదాన్ని? ఇప్పుడే తగలడమనేదాన్ని."

"మరి వచ్చాను కదా! సాయంత్రం బస్సుకి పోతానులే, నీ పాఠాలకి అడ్డం రాను."

"నోర్ముయ్. చీర మార్చుకో పో."

ఎల్లాజీ మునగాకు దూయడం ఎప్పుడో మానేశాడు. అతని చూపంతా ఆ తువ్వాలు మీదే ఉంది. జాలరిపేటలో వానాకాలం బడి నుంచి వచ్చినప్పుడు అక్క కూడా అలాగే తల వంచమనేది. పైట కొంగుతో తుడిచేది. ముతక చీర, చేపల వాసన, చెవులు ఎర్రబడి మండిపోయేవి. నొప్పే అని ఏడిస్తే ఇంకో రెండు తుడుపులు ఎక్కువ పడేవి. ఆ సంగతి అతనికి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

నోటు పుస్తకం ఒళ్ళోకి తీసుకున్నాడు. కుడివైపు పేజీలు మొదటి నుంచీ తిప్పాడు. జూలైలో అడిగితే జూలై. అక్టోబరులో అడిగితే అక్టోబరు. తను ఏ రోజు ఫోన్ చేస్తే ఆ రోజే మంచి రోజు. వాతావరణం తెలియని మనిషి అని అతను తొమ్మిదేళ్ళు నవ్వుకున్నాడు. చివరి పేజీకి వచ్చేసరికి, తను గీత గీసిన వాక్యం అతనికి వేరేగా కనబడింది. అందులో ఇప్పుడే అన్న మాట లేదు. ఒరే అన్న పిలుపు లేదు. నాయనా అని ఉంది. వచ్చినోళ్ళందరూ వచ్చినప్పుడు రమ్మని ఉంది.

ఎల్లాజీ ఆ గీతని బొటనవేలితో చెరపబోయాడు, అది సిరాతో గీసింది.

అచ్చియ్యమ్మ లోపలి గదిలోకి వెళ్ళాక అతను తల ఎత్తకుండానే అన్నాడు. "అమ్మా, మా బావ పోయినప్పుడు నేను వెళ్ళలేదు. ఆ రోజు నిజంగానే తుఫాను, అబద్ధం కాదు. ఓడలు ఆపేశారు, విమానాలూ ఆపేశారు. ఆ తుఫాను బులెటిన్ రాసింది నేనే. నాలుగు రోజులకి తుఫాను దాటిపోయింది. అప్పుడు కూడా వెళ్ళలేదు. కార్యం అయిపోయాక ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అనుకున్నాను. అక్క ఒక్క మాట కూడా అనలేదు. ఎప్పుడొస్తావురా అనే అడిగింది. అప్పటి నుంచీ ఈ పుస్తకం రాస్తున్నాను."

మాణిక్యాంబగారు నేల మీద చెదిరిన ఆకులు ఏరుకుంటున్నారు. ఓదార్చలేదు, తిట్టలేదు. ఒకసారి కిటికీ బయటికి చూసి, వాన ఇంకా పడుతూనే ఉందని రూఢి చేసుకున్నట్టు మళ్ళీ పనిలో పడ్డారు.

ఎల్లాజీ జేబులోంచి ఫోన్ తీసి వరండాలోకి వెళ్ళాడు. గాలికి జల్లు లోపలికి కొడుతోంది. అతను పక్కకి జరగలేదు. లోపలికి ఒక పక్క మాటలే వినిపించాయి. "అక్కా, నేనే... ఏం లేదే... ఎప్పుడు రమ్మంటావని అడగడానికి చెయ్యలేదు. శనివారం ఓడకి వస్తున్నానని చెప్పడానికి చేశాను." ఆ తర్వాత ఫోన్లోంచి ఒక్కసారిగా పెద్ద గొంతు లేచింది. గదిలో ఉన్న మాణిక్యాంబగారికి కూడా స్పష్టంగా వినిపించేంత పెద్ద గొంతు. "బుద్ధుందేట్రా నీకు, ఒరే! ఈ వానలోనా!"

అతను లోపలికి వచ్చేసరికి సగం తడిసి ఉన్నాడు. పొడి చొక్కా ఉన్న ప్లాస్టిక్ సంచి గోడవారనే ఉంది, దాని జోలికి పోలేదు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వబోయాడు గానీ అది కుదరలేదు. శిష్యుడు కదా, వెళ్ళబోయే ముందు కూడా ఒక అనుమానం మిగిలింది.

"లాంచీ దిగి అరకోసు నడవాలమ్మా. గొడుగు నిలవదు. ఈ నెలలో వెళితే పూర్తిగా తడిసిపోతాను."

మాణిక్యాంబగారు దూసిన మునగాకు చేటలో పోసుకుని లేచారు. దండెం మీద అచ్చియ్యమ్మ తల తుడిచిన తువ్వాలు ఇంకా నీళ్ళోడుతోంది. దాని కొస పిండుతూ అన్నారు.

"తల తుడిచేవాళ్ళు ఉన్నంతవరకూ తడవచ్చు, ఎల్లాజీ."