నేనెవరో చెప్పుకో చూద్దాం

అనగనగా ఒక అడవి. ఆ అడవికి దారి రాలేదు, దీపం రాలేదు, సెల్ టవరు మాత్రం ముందే వచ్చేసింది. ఇంకేం, జంతువులన్నీ ఫోన్లు కొనుక్కున్నాయి.

ఆ అడవిలో చెంగాయమ్మ అనే కుందేలు ఉండేది. మహా మర్యాదస్తురాలు. ఫోన్ మోగితే ఎత్తకపోవడం తప్పు, ఎత్తాక పెట్టేయడం ఇంకా తప్పు, "మీరెవరు?" అని అడగడం మహాపాపం అని ఆమె నమ్మకం.

ఒకరోజు ఎవరో ఫోన్ చేసి, "మీ తోకకు బీమా చేయించండి" అన్నారు. బొటనవేలంత తోక కోసం పూటంతా వింది. మర్నాడు ఇంకెవరో, "మీకు బహుమతిగా ఏనుగు వచ్చింది" అన్నారు. దాన్ని కలుగులో ఎక్కడ కట్టెయ్యాలా అని తెగ ఆలోచించింది.

మూడోసారి మోగినప్పుడు ఫోన్ మీద "మోసం కావచ్చు" అని ఎర్రగా కనిపించింది.

"పాపం, ఎవరికో ఎంత చెడ్డపేరు పెట్టారు!" అని జాలిపడి, "హలో" అంది.

"చెల్లాయ్, నేనెవరో చెప్పుకో చూద్దాం!" అంది అవతలి గొంతు.

చెంగాయమ్మకు చెమటలు పట్టాయి. గుర్తుపట్టలేదంటే ఎంత నామర్దా! "కొండకింది అన్నయ్యవా?" అని తానే పేరు అందించింది.

"ఆఁ, ఆ అన్నయ్యనే! ఇది కొత్త నంబరు. మేనల్లుళ్లకు ముల్లంగి దుంపలు తెస్తున్నా. మీ కలుగుకు దొడ్డిదారి ఎటమ్మా?"

"మోదుగ చెట్టు వెనక అన్నయ్యా! పిల్లలు అక్కడే పడుకుంటారు."

పక్క కలుగులోని ముళ్లపంది అచ్చమ్మ ఇదంతా వింది. "ఓసి పిచ్చిదానా! మీ అన్నయ్య పాత నంబరుకు ఒకసారి చేసి అడగవే" అంది.

"సొంత అన్నయ్యను అనుమానించనా? నాకలాంటి బుద్ధులు లేవు" అని మూతి ముడుచుకుని, చెంగాయమ్మ వంట మొదలుపెట్టింది.

అచ్చమ్మ నోరు మంచిది కాదు గానీ మనసు మంచిది. పిల్లల్ని తన కలుగులోకి తోలేసి, చెంగాయమ్మ దొడ్డిదారికి లోపల్నుంచి వీపు అడ్డం పెట్టి కూర్చుంది.

సాయంత్రం అన్నయ్య రానే వచ్చాడు. పొడుగు మూతి, గుబురు తోక. ముల్లంగి మాత్రం లేదు. కలుగులో మూతి దూర్చిన నక్క, ముక్కు నిండా ముళ్లతో కెవ్వుమని పారిపోయింది.

అరుపు విని వచ్చిన చెంగాయమ్మకు పారిపోతున్న నక్క కనిపించింది. ఖాళీ పక్క కనిపించింది. "నా పిల్లలు!" అని అక్కడే కూలబడింది. అచ్చమ్మ వాళ్లను తెచ్చి ఒళ్లో పెట్టాక గానీ ఆమె ఏడుపు ఆగలేదు.

కొన్నాళ్లకు మళ్లీ ఫోన్ మోగింది. "చెల్లాయ్, గుర్తుపట్టావా?"

"పట్టకేం అన్నయ్యా! ముక్కు మానిందా?" అంది చెంగాయమ్మ. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, జవాబు వినకుండా ఫోన్ పెట్టేసింది.

నీతి: ఫోన్ చేసినవాడి పేరు వాడే చెప్పాలి. మనం అందించామా, మన ఇంటి తలుపు మనమే తీసినట్టు.