నూకాలు దొడ్డిలో పందిజ్వరం

రండర్రా పిల్లలూ, చాప మీదకి జరిగి కూర్చోండి. పెద్దవాళ్లు అరుగు చివర సర్దుకుంటారు. ఈ కథ అసలు వాళ్లకే కావాలి.

పశువైద్యం నేర్పే గవరయ్యగారికి ఒక అలవాటు. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. కండువా భుజాన వేసుకుని బయలుదేరతారు.

ఒకనాటి ఉదయం శిష్యుడు జగ్గారావు, "గురువుగారూ, పందికి అంటురోగం వచ్చిందని గుర్తుపట్టడం ఎలా? లక్షణాలన్నీ బట్టీ పట్టాను. పుస్తకం మూస్తే చాలు, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి" అన్నాడు. గవరయ్యగారు కండువా అందుకున్నారు.

ఇద్దరూ నూకాలు పందుల దొడ్డికి వెళ్లారు. పక్క ఊళ్లో పందిజ్వరం పడి దొడ్లకు దొడ్లే ఖాళీ అయిపోతున్నాయి. ఆ కబురు విన్నప్పటినుంచీ నూకాలుకి ముద్ద దిగడం లేదు. ఆవిడకున్న ఆధారమల్లా ఆ పదకొండు పందులే. కంచెకి అవతల ఆడపడుచు దొడ్డి. అక్కడ ఓ పంది నిన్ననే తొమ్మిది పిల్లల్ని ఈనింది.

"ఆ నల్లదాన్ని సూడు బాబూ! తెల్లారినకాడినుంచి ఒకటే అరుపు. మాయరోగం దానికే తగులుకున్నాది" అంది నూకాలు.

గురువుగారు రాతి మీద కూర్చుని, "చూడు నాయనా" అన్నారు.

చూడమంటే పట్టుకోమని కాబోలనుకున్నాడు జగ్గారావు. థర్మామీటరు తీసి దొడ్డిలోకి దూకాడు. నల్లపంది అతన్ని మూడు చుట్లు తిప్పి, నాలుగో చుట్టులో బురదలో కూర్చోబెట్టింది. చివరికి ఎలాగో వెనక కాలు దొరకబుచ్చుకుని, తోక కింద థర్మామీటరు దూర్చి జ్వరం చూసి కేకేశాడు.

"నూట అయిదు! జ్వరమే గురువుగారూ!"

"అంతసేపు పరిగెత్తావుగా, నీదీ ఓసారి చూసుకో."

"ఈ థర్మామీటరుతోనా అండీ?"

అంత దిగుల్లోనూ నూకాలుకి నవ్వాగలేదు. "ముందు కుడితి పొయ్యి తల్లీ" అన్నారు గవరయ్యగారు.

కుడితి తొట్టిలో పడిందో లేదో, అందరికన్నా ముందు తల దూర్చింది నల్లపందే. అరుపు ఠక్కున ఆగిపోయింది. మిగతావీ తోసుకుంటూ వచ్చాయి. జగ్గారావు లెక్కపెట్టాడు: పది. పదకొండోది మూల గడ్డిలో ముడుచుకుని ఉంది. పొద్దుటినుంచీ అది కిక్కురుమనలేదు. తోక మెలిక విడిపోయి తాడులా వేలాడుతోంది. కళ్లకి పుసులు. చెవుల మీదా పొట్ట కిందా కమిలిన ఎర్రమచ్చలు. లేపి నిలబెడితే వెనక కాళ్లు కల్లు తాగినట్టు తూలాయి.

"ఇదండీ! పందిజ్వరమంటే ఇదే!"

"ముందు దాన్ని విడిగా పెట్టు. రక్తం పరీక్షకి పంపి, మిగతావాటి సంగతి ఆసుపత్రి డాక్టరుగారిని అడుగుదాం. అమ్మా, బయటి ఎంగిళ్లు తెచ్చి పొయ్యకు."

జగ్గారావు ఆ పందిని రెండు చేతులా పొదివి పట్టుకుని వేరే పాకలో దించి వచ్చాడు. విద్య చేతికొచ్చిన సంబరం ఆగలేదు. బురద ఓడుతున్న కాళ్లతోనే ఆడపడుచు కంచె ఎక్కేశాడు.

నూకాలు చీపురు అడ్డం పెట్టింది. "దిగు బాబూ, దిగు! అక్కడ పసిగుడ్లున్నాయి!"

"భయం లేదమ్మా! రోగాన్ని ఇప్పుడు ఇట్టే గుర్తుపట్టేస్తాను!"

గవరయ్యగారు అతని మోకాళ్ల దాకా పట్టిన బురద వైపు చూశారు.

"గుర్తుపట్టావు నాయనా. అది ఇప్పుడు దేన్నెక్కి బయలుదేరిందో కూడా చూసుకో."

ఇక లేవండి. నూతి దగ్గర కాళ్లు కడుక్కుని అన్నాలకి వెళ్లండి, పులుసు చల్లారిపోతుంది.