వల్లభరౌతు కంచుగంట

మంచుగిరి రాజుగారి ఐదేళ్ల కూతురు నాగాంబికకి ఆరు నెలలుగా కంటిమీద కునుకు లేదు. మబ్బుహంస ఈక ఒక్కటి తలగడ కింద పెడితే నిద్ర పడుతుందన్నారు. తెచ్చిపెడతానని వల్లభరౌతు నిండుసభలో మీసం మెలేసి బయల్దేరాడు.

తొమ్మిది కొండలు గాలించాడు. ఎక్కడికెళ్లినా వెచ్చటి గూడు దొరికేది గాని హంస దొరికేది కాదు. చివరికి, చిన్నప్పుడు తనకి స్వారీ నేర్పిన గురువు తిమ్మాంబను వెతుక్కుంటూ సరస్సు దగ్గరి ఆమె పాకకి వచ్చాడు.

అతను వస్తున్నాడని ఆమెకి అరకోసు దూరం నుంచే తెలిసింది. సాహసానికి బయల్దేరిన రౌతు తన పేరు చెక్కిన గంటని గుర్రం మెడలో కట్టడం ఆ దేశపు ఆచారం. అది మోగకపోతే వాడు భయపడి దాక్కున్నాడని లెక్క. తిరిగొచ్చాక కోట వాకిట్లోనే కత్తి లాగేసుకుంటారు. వల్లభుడిది మరీ గుమ్మడికాయంత గంట.

"నా ప్రయత్నంలో లోపమేమిటమ్మా?" అన్నాడు. "వచ్చేటప్పుడు ఆ పాప నన్ను చూసి నవ్వింది. వట్టి చేతులతో ఎలా వెళ్లను?"

తిమ్మాంబ ఒళ్లో నిద్రపోతున్న మేకపిల్లని తెచ్చి జీను మీద పడుకోబెట్టింది.

"వారం నుంచి దీనికి ఒంట్లో బాగాలేదు. ఇప్పుడే కళ్లు మూసింది. సరస్సు దాకా తిప్పి తీసుకురా నాయనా. లేవకూడదు సుమా."

ఇదేం పనిరా దేవుడా అనుకుంటూ వల్లభుడు కళ్లెం పట్టాడు. ఒక్క అడుగు వేశాడో లేదో గంట ఖంగుమంది. మేకపిల్ల లేచి మే అంది. ఆమె ఓపికగా జోకొట్టింది. మళ్లీ అడుగు, మళ్లీ మే.

మూడోసారి అది ఎర్రటి కళ్లతో అతనికేసి చూసింది. అచ్చం ఆ పాప చూపే. వల్లభుడికి సిగ్గేసింది. గంట మీది తన పేరు చూసుకున్నాడు, నడుముకున్న కత్తి తడుముకున్నాడు. తలపాగా విప్పి గంట నాలుకకి చుట్టాడు.

గుర్రాన్ని నడిపించుకుంటూ సరస్సు మీది మంచులోకి వెళ్లాడు. తన అడుగుల చప్పుడు తను విని ఎన్నాళ్లయిందో. నీళ్లు ఎక్కడ ఆగాయో, మబ్బు ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఆ తెలుపులోంచి ఇంకో తెలుపు కదిలింది. మెడ చాచి గుర్రాన్ని వాసన చూసింది. మేకపిల్ల పక్కన కాసేపు ఒదిగి కూర్చుని, వచ్చినట్టే వెళ్లిపోయింది. జీను మీద ఒక ఈక మిగిలింది.

పాకకి తిరిగొచ్చాక తిమ్మాంబ నిద్రపోతున్న మేకపిల్లని ఒళ్లోకి తీసుకుంది. "కోట దగ్గర ఆ గుడ్డ విప్పుతావా?" అని మాత్రం అడిగింది.

పది రోజులకి కోట వాకిట్లో కావలివాడు అడ్డం వచ్చాడు.

"గంట మోగలేదేమయ్యా? ఆచారం తెలుసుగా. ఆ కత్తి ఇలా ఇచ్చెయ్!"

వల్లభుడు కత్తి విప్పి, చప్పుడు కాకుండా అతని చేతిలో పెట్టాడు.

"మెల్లగా మాట్లాడు, పాప నిద్రపోవాలి," అన్నాడు.