కారే రాయి

"ఆదివారం ఒక దినం సెలవియ్యి మేస్త్రీ. సుంకమ్మను వాళ్ళమ్మకాడ ఇడిసిపెట్టి వస్తా," అన్నాడు ఓబులేసు.

సుంకమ్మ అతని భార్య. ఎండాకాలంలో వాళ్ళ నాలుగేళ్ళ కూతురు జ్వరమొచ్చి పోయింది. వానలు పడుతున్నా తల్లి ఏడుపు ఆగలేదు. ఓబులేసు తనకు తోచినవన్నీ చేశాడు. పిల్ల గౌన్లు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఫోటో తీసేశాడు. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళను గుమ్మంలోంచే పంపేశాడు. తను మాత్రం ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. అదేదో మగతనమనుకున్నాడు పాపం. తలుచుకుంటే నాకు ఆ మనిషి మీద ఎంత జాలో అంత కోపం.

"ఏడ్సొద్దంటే ఇనదు మేస్త్రీ. నేను ఇంట్లో అడుగు పెడితే కొంగుతో మొగం తుడ్సుకుంటాది. నేనట్ల పోతానే మళ్ళా మొదులు. ఎట్ల ఆపల్లో తెలీడం ల్యా."

దస్తగిరి మేస్త్రి "పనికాడికి పోదాం రా," అని సొరంగంలోకి నడిచాడు.

కొండను తొలిచి కాలవ నీళ్ళు తీసుకుపోయే సొరంగం అది. రాయిని పేల్చుకుంటూ ముందుకు పోతారు. పేల్చినచోట బండలు జారిపడకుండా గొట్టంతో కాంక్రీటు చిమ్మి గోడకు పట్టిస్తారు. ఆ గొట్టం పట్టడం ఓబులేసుకు నేర్పింది దస్తగిరే.

లోపల ఒకచోట రాయి చెమ్మగిల్లి ఉంది. నిన్న ఓబులేసు అక్కడ చిమ్మిన కాంక్రీటంతా ఊడి కింద పడి ఉంది. అతనికి ఒళ్ళు మండింది. త్వరగా గట్టిపడే మందు ఇంకాస్త ఎక్కువ కలిపించి, మళ్ళీ చిమ్మాడు. ఈసారి రెట్టింపు మందాన పట్టించాడు. మేస్త్రి అడ్డు చెప్పలేదు.

టీ తాగి వచ్చేసరికి గోడ ఉబ్బి ఉంది. చూస్తుండగానే పెద్ద పెళ్ళ విరిగి పడింది. కింద మనిషెవరైనా ఉంటే బతికేవాడు కాదు. విరిగినచోట నీళ్ళు ఎప్పట్లాగే ఊరుతున్నాయి.

దస్తగిరి గొట్టం ముట్టుకోలేదు. డ్రిల్లు తెప్పించి, తడి ఎక్కువున్న చోట రాతిలోకి లోతుగా బెజ్జం వేశాడు. నీళ్ళు చివ్వున చిమ్మి ఆయన చొక్కా తడిపేశాయి. బెజ్జంలో ప్లాస్టిక్ పైపు ముక్క దూర్చాడు. నీళ్ళన్నీ ఆ పైపులోంచి కారడం మొదలుపెట్టాయి. చుట్టూ ఉన్న రాయి మీద ఊట తగ్గిపోయింది.

"ఇప్పుడు కొట్టు," అన్నాడు.

ఓబులేసు పైపు చుట్టూ చిమ్మాడు. పట్టుకుంది.

మర్నాడు మేస్త్రి సుత్తితో తట్టి చూశాడు. ఎక్కడా డొల్ల లేదు. పైపులోంచి మాత్రం నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"ఇది ఎప్పుడు ఆగుతాది మేస్త్రీ?"

"ఆగల్లని ఎవురు జెప్పినార్రా? గోడ నిలబడితే సాలు."

ఓబులేసు అక్కడే నిలబడిపోయాడు. వెనకనుంచి లారీవాడు హారన్ కొట్టి కొట్టి తిట్టినా పక్కకు జరగలేదు.

సాయంత్రం తాముండే రేకుల షెడ్డుకు వెళ్ళేసరికి సుంకమ్మ తన చీరలు సంచిలో సర్దుకుంటోంది. అతన్ని చూసి గబగబా కళ్ళు తుడుచుకుంది.

"ఏడ్సలే. పొయ్యి పొగకు," అంది. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

ఓబులేసు ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. సంచిని పక్కకు జరిపాడు.

"ఆ పొద్దు నేను డ్యూటీలో ఉంటి గదా," అన్నాడు. "పాప నన్ను అడిగిందా?"

సుంకమ్మ చేతిలో చీర అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఆ మాట అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"అడిగింది," అంది. "నాయిన వచ్చినాడా, నాయిన వచ్చినాడా అని వాకిలి దిక్కే సూసింది."

ఓబులేసు ఆమె ఒళ్ళో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె ఆపమనలేదు.