మరువం అయిపోయిన చాదరు

దస్తగిరి మడమలో దిగిన తుమ్మముల్లు ఎప్పుడో బయటికి వచ్చేసింది. పుండు మాత్రం మూసుకోనంటోంది. వేపాకు నీళ్ళతో కడిగాడు, పసుపు అద్దాడు, ఆసుపత్రి మందూ రాశాడు. ఊహూఁ.

అక్కడేమో ఉరుసు దగ్గర పడుతోంది. పచ్చజెండా ఎత్తుకుని కొండమీది దర్గాకు ఎక్కే భాగ్యం ఈ ఏడు అతనిదేనని దర్గాలో అతని గురువైన బాబా స్వయంగా చెప్పాడు. కుంటుకుంటూ జెండా ఎలా మోసేది?

ఇంత దిగులులోనూ అతనికో చిన్న గర్వముంది. నాలుకను గెలవాలని పోయిన రంజాను నుంచీ దాల్చా ముట్టడం లేదు. అందరూ కందిపప్పు, సొరకాయ వేసిన ఆ దాల్చా కలుపుకుంటుంటే తను వట్టన్నంలో ఉప్పేసుకుని తినేవాడు.

"అన్నం గుట్టగా పెట్టించుకుంటావు, పప్పు గరిటె చూస్తే మొహం తిప్పుకుంటావు. నా పప్పు నీకేం అపకారం చేసింది నాయనా?" అనేది దర్గా బంతిలో వడ్డించే బీబమ్మ.

"రుచి వదిలేశాను బీబమ్మా."

"రుచితోపాటు కండ కూడా వదిలేసినట్టున్నావు. చొక్కా కొయ్యకు తగిలించినట్టుంది!"

ఓ పొద్దున బాబా దగ్గర కూర్చుని బాధంతా చెప్పుకున్నాడు. "పస్తులుండటం లేదు బాబా. కడుపు నిండా తింటున్నాను. మరి ఈ ఒళ్ళెందుకు కోలుకోదు?"

బాబా పూలబుట్టలు అతని ముందుకు జరిపాడు. "ఇవాళ సమాధి మీద కప్పే చాదరు నువ్వల్లు."

గులాబీ, మల్లె, మరువం. ఆ వరసలోనే అల్లాలి. ఏది లేకపోయినా అక్కడే ఆపెయ్యాలి తప్ప, ఉన్నవాటితో సరిపెట్టడం ఆ దర్గాలో లేదు.

దస్తగిరి వేళ్ళు చకచకా ఆడాయి. చాదరు సగం సాగిందో లేదో, మరువం బుట్టలో చెయ్యి అడుగుకు తగిలింది.

"ఆగావేం?" అన్నాడు బాబా.

"మరువం అయిపోయింది బాబా."

"గులాబీలు కుప్పగా ఉన్నాయి కదా. మల్లెలూ ఉన్నాయి."

"ఎన్నుంటే ఏం లాభం? మరువం లేందే వరస సాగదు."

"అయితే ఆ గులాబీలతోనే కాస్త మరువం చెయ్యి."

దస్తగిరికి నవ్వొచ్చింది. "గులాబీతో మరువం నేనెలా చేస్తాను బాబా! మొక్క నుంచి కోసి తెచ్చుకోవాల్సిందే."

బాబా కూడా నవ్వాడు. వంగి, శిష్యుడు వద్దు వద్దంటున్నా ఆ పుండు కాలిని మెల్లిగా తన ఒళ్ళోకి తీసుకున్నాడు. మడమకు అంటిన గులాబీ రేకును నోటితో ఊది తీసేశాడు.

"నీ ఒంటి లోపల కూడా రాత్రీ పగలూ కండ అల్లుతూనే ఉంటారు బిడ్డా," అన్నాడు. "అక్కడా ఒక బుట్ట ఖాళీ అయింది."

తర్వాత తన వెనకనుంచి తడిగుడ్డలో చుట్టిన మరువం కట్ట తీసి అతని చేతిలో పెట్టాడు.

దస్తగిరి కట్ట విప్పి, ఆగినచోటి నుంచి మళ్ళీ అల్లాడు. చాదరు పూర్తిచేశాడు.

మధ్యాహ్నం బంతిలో కూర్చున్నాడు. బీబమ్మ అన్నం పెట్టి, అలవాటు కొద్దీ పప్పు గరిటెతో అతన్ని దాటిపోయింది. ఎందుకో వెనక్కి తిరిగి చూసింది.

అతను అన్నం మధ్యలో వేళ్ళతో గుంట చేసుకుని కూర్చున్నాడు.