తీతువమ్మ దిబ్బ

రెల్లుపాడు వద్ద ఏరు వంపు తిరిగే చోట, ఒకవైపు గడ్డిమైదానం, మరొకవైపు చిత్తడి నేల ఉన్న పక్షుల అభయారణ్యంలో తీతువమ్మ వారి దిబ్బ ఉన్నది. మెడలో దుర్భిణి వేసుకొని పక్షులను చూడవచ్చేవారికీ, మొక్కు తీర్చుకోవడానికి వచ్చేవారికీ ఇక్కడ కాలిబాట ఒక్కటే. తీతువు పిట్ట కూస్తే కీడని ప్రయాణం మానుకొని చెప్పులు విడిచేవారు మన ప్రాంతంలో నేటికీ కొదవలేదు. ఇక్కడ మాత్రం అది కూసేవరకు దర్శనానికి ఎవరూ కదలరు. ఈ గుడికి గంట లేదు.

పూర్వం ఇక్కడ ఓబయ్య అనే గొల్ల, భార్య కాటమ్మతోను, నెలల బిడ్డతోను ఉంటూ గొర్రెలు మేపేవాడు. వేసవిలో ఏరు ఎండగానే నడుమ ఇసుకమేట మీద గుడిసె వేసి, అక్కడే మందను ఆపడం అతని వాడుక. మూడేళ్ల కరువుకు మంద సగమైంది. ఆ సగమే వారికి కూడూ గుడ్డా. ఆ ఏడు ఒక తీతువుల జంట రోజూ వారి తలల మీద తిరుగుతూ కూసేది. మిగిలిన మందకు కూడా కీడు మూడిందని భయపడి ఓబయ్య ఒడిసెలతో రాయి విసిరాడు. మగపిట్ట నేలరాలింది. ఆడపిట్ట కూత మానలేదు.

మరునాటి మధ్యాహ్నం అతడు ఇంకొక రాయి అందుకోగా కాటమ్మ చెయ్యి పట్టుకొన్నది.

"దాని గుడ్లు యాడుండాయో చూసినావా? ఏటా ఇసకలో పెట్టేది, ఈ తూరి దిబ్బ మీద పెట్టింది. ఏరొస్తాదని దానికెరిక. మందను తోలు."

"మబ్బే లేదు, ఏరెట్టొస్తాదే? పిట్ట మాట విని మంద తోలితే నలుగురూ నవ్వరా?"

"నవ్వనీ. నా బిడ్డను నేను ఎత్తుకపోతాండా."

ఆమె దిబ్బ ఎక్కిన కొంతసేపటికే, ఎగువ కొండల్లో కురిసిన వాన ఏరై దిగింది. ఓబయ్య నడుములోతు నీటిలో మందను తోలుకొని ఆ దిబ్బే చేరాడు. పన్నెండు గొర్రెలు కొట్టుకుపోయాయి. దిబ్బ మీద కాలు పెట్టే చోటు లేదు. అన్ని గిట్టల నడుమ కూడా ఆడతీతువు గుడ్ల మీద నుంచి లేవలేదు, ఏ గొర్రే దానిని తొక్కలేదు. పక్కనే కాటమ్మ బిడ్డకు పాలిస్తున్నది. రాయి ఇంకా తన పిడికిట్లోనే ఉన్నదని ఓబయ్యకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో ఏడ్చి, దానిని గూటి పక్కన పెట్టాడు.

ఏరు తీసిన తరువాత అమ్మవారు అతని కలలో కనిపించి, "గుడి కట్టినా గంట కట్టవద్దు, కూత చాలు" అన్నదని పెద్దల మాట. గర్భగుడిలో పూజలందుకొనేది ఆ రాయే.

నేటికీ భక్తులు ఏటిలో ఒక రాయి ఏరుకొని వస్తారు. దానిని విసరరాదు, వంగి దిబ్బ అంచున పెట్టాలి. ఖాళీ అరచేతులు పైకి చూపి, కూత కోసం కూర్చోవాలి. అలా పేరుకొన్న రాళ్ల మధ్యనే ఏటా తీతువులు గుడ్లు పెడతాయి. ఏది గుడ్డో ఏది రాయో పూజారికే ఒక పట్టాన తెలియదు గనుక చూచి అడుగు వేయవలెను. ఇక్కడ మొక్కిన తల్లుల బిడ్డలకు నీటిగండం ఉండదని నమ్మకం.

పూజారులు ఓబయ్య వంశీకులే. పూజకు ముందు వారు చెప్పుకొనే మంత్రం ఒక్కటే: "తల్లీ, రాయి వేసింది మేమే. నువ్వు కూయి. ఈ తూరి వింటాం."